హార్స్‌లీ కొండ అంచున ఒక్కదాన్నే ఒక పగలు

మదనపల్లె వైపు వచ్చి హార్స్‌లీ కొండ చూడకుండా వెళ్ళేవాళ్ళు అరుదు. మీలో చాలామంది వచ్చే ఉంటారు. కారులోనో వ్యానులోనో పైదాకా వచ్చి, గాలిబండ దగ్గర ఫొటోలు దిగి, పులిహోర తిని, పిల్లల్ని ఉయ్యాల ఊపి, చీకటి పడకముందే దిగిపోయి ఉంటారు. నేను ఈ ఊరి కోడల్నయి ఇరవైనాలుగేళ్ళయింది. కొండకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా కాఫీ తాగడం అయ్యీకాకముందే "కొండకు పోదామా" అంటారు. వెళ్ళిన ప్రతిసారీ నా చోటు మాత్రం ఒకటే. చెట్టు కింద పరిచిన జంపఖానా. క్యారియర్లకు, చెప్పులకు, నిద్రపోయిన పసివాళ్ళకు నేను కాపలా. "మీరు చూసి రండి, నేనిక్కడ ఉంటాలే" అనే మాట మన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కోతులు గిన్నెలు ఎత్తుకుపోకుండా ఒక మనిషి ఉండాలి కదా, ఆ మనిషి ఎవరో ఇంట్లో బయల్దేరేటప్పుడే అందరికీ తెలుసు.

మా చిన్నవాడు బెంగుళూరులో ఉద్యోగంలో చేరాక, పోయిన మార్గశిరంలో నాకొక ఆలోచన వచ్చింది. కొండ పైన రాళ్ళ అంచు వెంబడి ఒక పూటంతా నడవాలి. అదీ ఒక్కదాన్నే. తోడు ఎవరైనా వస్తే క్యారియర్ వస్తుంది, క్యారియర్ వస్తే కాపలా వస్తుంది!

ఇంట్లో చెప్పగానే మావారు "ఎవరెస్టుకా?" అన్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది, నలభయ్యారేళ్ళకు నేను హార్స్‌లీ కొండయినా ఎక్కకూడదా అన్నాను. కుప్పంలో ఉన్న వదిన ఫోనులో "ఒక్కదానివేనా?" అని మూడుసార్లు అడిగింది. పుంగనూరులో మా అమ్మ అయితే గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమన్నా గొడవ పడినారామ్మా?" అంది. చూశారా మరి, ఆడది ఒంటిగా కొండకు పోవాలంటే ముందు ఇంట్లో గొడవైనా జరిగి ఉండాలి.

అడ్డు చెబుతుందనుకున్న మా అత్తగారే చెప్పలేదు. ఆవిడ పుట్టింది కొండ కింది పల్లెలోనే. చెనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండా అంది: "మా చిన్నప్పుడు తెల్లారకముందే కట్టెలకు కొండెక్కేదాన్ని. ఒక్కదాన్నే. తోడెవురే అని ఒగరూ అడగలేదు. నెత్తిన మోపుంటే ఎవురూ అడగరు. చేతులూపుకుంటా పోతేనే అడుగుతారు. పొయ్యి రా పో."

సంచి సర్దుకోవడం గురించి రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే ఇది మన శాఖే కదా. బరువు వద్దు. రెండు లీటర్ల నీళ్ళు, పెరుగన్నంలో అల్లం తురిమి గట్టిగా కలిపిన చిన్న డబ్బా, నాలుగు నిప్పట్లు, గుప్పెడు బొరుగులు, బెల్లం ముక్క. పెరుగన్నం బదులు చిత్రాన్నమైతే ఎండలో దాహం ఎక్కువవుతుంది. టోపీ నాకు అలవాటు లేదు, నూలు తువ్వాలు చాలింది. చీర కాదు, చుడీదార్ వేసుకున్నాను. కాళ్ళకు మా పెద్దవాడు వదిలేసి వెళ్ళిన క్యాన్వాస్ బూట్లు, లోపల మందం మేజోళ్ళు. బండల మీదికి వెళ్ళాక వాటినీ విప్పేశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మదనపల్లె నుంచి కొండ సుమారు 30 కిలోమీటర్లు. అంగళ్ళు, కురబలకోట మీదుగా దారి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బులు లేవు కదా. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు కండక్టరు. బస్సు ఖర్చు ఎంతా అని కూడా ఎవరూ అడగలేకపోయారు ఇంట్లో. పొద్దున్నే బస్సు నిండా ఆడవాళ్ళే. టమాటా కోతలకు పోయేవాళ్ళు కొందరు, మార్కెట్ నుంచి ఖాళీ గంపలతో తిరిగొచ్చేవాళ్ళు కొందరు. సగంమంది ఒంటిగానే ఉన్నారు. అత్తగారి మాట అప్పుడే మొదటిసారి గుర్తొచ్చింది.

ఘాట్ రోడ్డు మొదట్లో దిగుతానంటే కండక్టరుకు అర్థం కాలేదు. "కొండమీదికి వేరే బస్సుండాదక్కా, ఈడ దిగి ఏం జేస్తావు?" అన్నాడు. నడుస్తానన్నాను. అతను డ్రైవరు మొహం చూశాడు. ఇద్దరూ ఏమీ అనలేదు, బస్సు పోయింది.

ఘాట్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. తారు రోడ్డే. ఎండ ఎక్కకముందు మలుపు మలుపుకూ ఆగుతూ ఎక్కాను, నాకు మూడు గంటలు పట్టింది. మొదటి అరగంట ఆయాసం, ఆ తర్వాత కాళ్ళు వాటి పాటికి అవి నడుస్తాయి. సగం దారిలో ఒకాయన స్కూటర్ ఆపి, "బస్సు తప్పిపోయిందామ్మా?" అని జాలిపడ్డాడు. లేదంటే నమ్మలేదు.

ఈ కొండ సముద్ర మట్టానికి 1,265 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు 4,150 అడుగులు. హార్స్‌లీ అన్నది ఒక దొర పేరు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా పుట్టాక అందులో కలిసింది, 2022లో అక్కడి నుంచీ విడిపోయింది. ఆ పాత కడప జిల్లాకు కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ వేసవి ఎండకు తాళలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పేరే కొండకు నిలిచింది. అంతకుముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కింది పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ మల్లమ్మ కొండ అనే అంటారు. మల్లమ్మ సంగతి కూడా దారిలో వస్తుంది.

పైకి చేరేసరికి చలిగాలి మొహానికి తగిలింది. టీ బంకులో వేడివేడిగా ఒక టీ తాగి, నూటయాభై ఏళ్ళు దాటిన 'కల్యాణి' అనే నీలగిరి చెట్టును ఒకసారి తలెత్తి చూసి, తిన్నగా గాలిబండకు వెళ్ళాను. పేరుకు తగ్గట్టే అక్కడ గాలి మనిషిని నిలవనివ్వదు. కొంగు ఉంటే గాలిపటమే అయ్యేది. కాలేజీ పిల్లలు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఒకబ్బాయి నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, ఈ బ్యాగులు కొంచెం చూస్తుంటారా, మేం కిందిదాకా పొయ్యొస్తాం" అన్నాడు! నాకు నవ్వాగలేదు. నా మొహం మీద కాపలాదారు అని రాసి ఉందేమో! "నేనూ పోతున్నా నాయనా" అని చెప్పి ముందుకు కదిలాను. ఆ అబ్బాయి పాపం కొంచెంసేపు అలాగే నిలబడిపోయాడు.

నేను చూడాలనుకున్నది అక్కడి నుంచే మొదలు. జనమంతా గాలిబండ దగ్గరే ఆగిపోతారు. పక్కన పొదల మధ్యనుంచి సన్నటి కాలిబాట అంచు వెంబడి పోతుంది. ఒక పక్క అడవి, ఇంకో పక్క ఒక్కసారిగా లోయ. మధ్యలో బండలు, బండల మీద గుండ్లు, ఇల్లంత గుండ్లు, వాటి మీద ఇంకో గుండు. ఎవరో పేర్చి పెట్టి, పిలుపొస్తే పనికి వెళ్ళిపోయినట్టు ఉంటాయి.

ఈ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. భూమి లోపల ఎక్కడో కరిగిన ముద్ద నిదానంగా చల్లారి ఇలా గట్టిపడింది. దాని మీదున్న నేలంతా కోటానుకోట్ల ఏళ్ళ వానలకు కొట్టుకుపోయింది. నెత్తి మీది బరువు తగ్గేసరికి రాయి కొద్దికొద్దిగా ఉబ్బి, ఉల్లిపాయలాగా పొరలు విడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు గానీ, అక్కడ కళ్ళారా చూస్తే ఇట్టే తెలిసిపోయింది. అరచెయ్యి మందాన పెద్ద రాతి పొర, కింది బండ నుంచి లేచి, దోసె అంచు పెనం మీద లేచినట్టు నిలబడి ఉంది. దాని మీద తడితే బోలుగా మోగింది.

బూట్లు అక్కడే విప్పాను. ఎండిన బండ మీద ఉత్త కాలికి దొరికే పట్టు మరి దేనికీ దొరకదు. అరికాలికి రాయి గరుకు తెలుస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది. అయితే రెండు చోట్ల జాగ్రత్త. బండ మీద వాన నీళ్ళు జారిన నల్లటి చారలుంటాయి, తడిగా ఉంటే వాటి మీద అడుగే వెయ్యకూడదు. రెండోది, రాయి పొడి రాలి చిన్న గులకలై బండ మీద పరుచుకుని ఉంటుంది. గచ్చు మీద ఆవాలు ఒలికినప్పుడు కాలు పెడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, అదే ఇక్కడా. దిగేటప్పుడు సిగ్గుపడకుండా కూర్చుని జరగడం మంచిది. ఎవరూ చూడటం లేదు, అదే ఒంటిగా వెళ్ళడంలో సుఖం.

ఒక చోట రెండు గుండ్ల మధ్య సందులోంచి దూరి వెళ్ళాలి. అవతల ఏదో కదిలిన చప్పుడైంది. ఈ అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయని చిన్నపిల్లలకూ తెలుసు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్పలేను. వెనక్కి పోదామా అంటే కాళ్ళు రాలేదు. గొంతు పెగుల్చుకుని "ఎవరూ?" అన్నాను. "ఎవురదీ?" అని అంతకన్నా గట్టిగా అవతలి నుంచి ఒక ఆడగొంతు. చీపురు పుల్లలు కోసుకోవడానికి వచ్చినామె. నా ఈడే ఉంటుంది. కొడవలి నడుముకు దోపుకుని, కట్టలు కట్టుకుంటోంది.

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏం పోగొట్టుకున్నావక్కా?" అంది. ఏమీ లేదు, ఊరికే నడుస్తున్నానన్నాను. "ఊరికేనా?" అని కొంచెంసేపు ఆలోచించి, "మేమూ చూస్తాంలే అప్పుడప్పుడు. పని అయినాక ఆ బండ మీద కుచ్చుంటే మా ఊరి చెరువు కనపడతాది" అంది. తనే ఆ బండ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇద్దరం కూర్చుని నిప్పట్లు పంచుకు తిన్నాం. ఆమె ఇచ్చిన సద్ది సంగటి, ఊరిబిండి ముందు నా పెరుగన్నం చప్పగా అయిపోయింది. ఆమె రోజూ ఒక్కతే వస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను. నన్ను పొద్దున్నుంచి అందరూ అడిగిన ప్రశ్నే అది.

ఆ బండ మీదనుంచి చూస్తే మన సీమ ఎంత రాతి నేలో తెలుస్తుంది. ఎటు చూసినా గుట్టలు, గుట్టల మధ్య గొలుసు కట్టినట్టు చెరువులు, చెరువుల కింద టమాటా తోటలు. తెల్లగా మెరిసేది మల్చింగ్ షీటట, నేను నీళ్ళనుకున్నాను. ఇంకోపక్క దూరంగా రిషివ్యాలీ లోయ. 1895లో మా మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920లలో బడికోసం ఆ చోటు ఎంచుకున్నారు. అప్పుడది బోడి నేల. ఏళ్ళ తరబడి చెట్లు నాటితే ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది. మసక పొగమంచులో మదనపల్లె ఊరు చిన్న మరకలా కనిపించింది. మా ఇల్లు ఎక్కడో వెతుకుదామనుకుని మానేశాను. వెతికితే గ్యాసు కట్టేశానా లేదా అని గుర్తొస్తుంది.

ఇంకొక ముఖ్యమైన చుట్టాన్ని అక్కడే చూశాను. గుండ్ల మధ్య పొదలో ఒక పిట్ట. ఒళ్ళు బూడిదరంగు, తలా గొంతూ పసుపు. మా పెద్దవాడు పంపిన పక్షుల పుస్తకం పుణ్యమా అని గుర్తుపట్టాను. తెలుగులో దాని పేరు కొండ పొద పిగిలి. పేరులోనే చిరునామా ఉంది చూడండి. దక్షిణ భారతదేశంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ పిట్ట ఉండదు. ఇలాంటి బండలూ, వాటి సందుల్లో పొదలూ ఉంటేనే బతుకుతుంది. రాతి క్వారీల వల్ల దాని చోట్లు తరిగిపోతున్నాయని, ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు.

ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఒక ఇబ్బంది పట్టుకుంది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలకు పేరు. మా వదిన వాళ్ళ వంటగట్టు పచ్చఛాయ రాయి, షాపుల్లో 'కుప్పం గ్రీన్' అనే అమ్ముతారు. అది చూసి మోజుపడి మూడేళ్ళు మావారిని పోరి, మా వంటగట్టుకూ గ్రానైటే వేయించుకున్నాను. పసుపు మరక పడదు, వేడి గిన్నె దింపినా పగలదు, చపాతీలు నేరుగా దానిమీదే వత్తుకోవచ్చు. ఇప్పటికీ దానిమీద నాకు మోజు పోలేదు. కానీ ఆ రోజు అరికాలి కింద ఉన్న రాయి, రోజూ నేను తడిగుడ్డతో తుడిచే రాయి ఒక జాతివే. ఇక్కడ దానిమీద పిట్ట వాలుతోంది. ఈసారి అరుగుకు రాయి వేయించాలని మావారు అంటే ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.

బండ పల్లంలో దొన ఒకటి ఉంది, వాననీళ్ళు నిలిచి. అద్దంలా ఉంది. కాళ్ళు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఇంట్లో పదినిమిషాలు ఊరికే కూర్చుంటే "ఒంట్లో బాలేదా" అంటారు. అక్కడ అడిగేవాళ్ళు లేరు. ఏవో గొప్ప ఆలోచనలు వస్తాయేమో అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఏమీ రాలేదు. మా చిన్నవాడి పిలుపు మాత్రం రెండుసార్లు చెవిలో వినబడ్డట్టయింది, అది గాలి.

తిరిగి వచ్చేటప్పుడు మల్లమ్మ గుడికి వెళ్ళాను. కథ రకరకాలుగా చెబుతారు. కొందరు ముసలమ్మ అంటారు, కొందరు చిన్నపిల్ల అంటారు. అడవిలో ఒక్కతే ఉండేదట, ఏనుగులు ఆమెకు తిండి తెచ్చి పెట్టేవట, కొండ జనానికి జబ్బు చేస్తే ఆమె నయం చేసేదట. ఒకరోజు ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది, జనం గుడి కట్టారు. చిన్నప్పుడు విన్నప్పుడు ఏనుగుల మీదే నా ధ్యాసంతా. ఈసారి మాత్రం, ఆమెకు వంటచేసే పని లేకుండా ఏనుగులు తిండి తెచ్చాయన్న మాట దగ్గర ఆగిపోయాను. కథ చెప్పిన మొదటి మనిషి ఎవరోగానీ ఆడమనిషే అయ్యుంటుంది! కొబ్బరికాయ తీసుకెళ్ళలేదు. మిగిలిన బెల్లం ముక్క పెట్టి దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మూడు దాటాక దిగువకు బస్సు దొరికింది. నడిచి దిగవద్దు, మోకాళ్ళు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే దెబ్బతింటాయి. ఇంటికి రాగానే మా అత్తగారు అడిగింది ఒకే ఒక్క మాట: "చీపురుకట్ట తెచ్చినావా?" తెచ్చాను, రెండు. ఆ బండ మీదామె దగ్గరే కొన్నాను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే, కార్తీకం పోయాక శివరాత్రి దాకా మంచి రోజులు. వానల్లో బండల జోలికి పోవద్దు. బస్సు వేళలు డిపోలో ముందే కనుక్కోండి, పైకి తక్కువే ఉంటాయి. ఏ వైపు నడుస్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి, పైన అటవీశాఖ వాళ్ళకు చెప్పి కదలండి. వాళ్ళు వద్దన్న వైపు వెళ్ళొద్దు. నాలుగింటికల్లా జనం ఉన్నచోటికి వచ్చెయ్యండి. అంచుకు మరీ దగ్గరగా నిలబడి ఫోనులో ఫొటో తీసుకోవద్దు, గాలి ఎప్పుడు ఎటు తోస్తుందో తెలియదు. కర్ర ఒకటి ఉంటే కాలికీ ఆసరా, పొదలు తట్టి చూసుకోవడానికీ పనికొస్తుంది. అరటిపండ్లు మాత్రం తీసుకెళ్ళకండి. ఒకవేళ తీసుకెళ్ళినా సంచి అడుగున పెట్టుకోండి. కోతులు మిమ్మల్ని ఒక్కరేనా అని అడగవు, ఒక్కరే అని చూసుకునే వస్తాయి.